ఆగిన ఆటయంత్రము: మరమ్మతా, విక్రయమా?

ప్రాత వస్తువు చెడినప్పుడు దానిని బాగుచేయించుటయా, అమ్మివేయుటయా అను ప్రశ్న ప్రతి గృహమునందును ఎప్పుడో ఒకప్పుడు పుట్టునదే. గోడగడియారము, కుట్టుమిషను, గ్రామఫోను, వాల్వు రేడియో - ఇవన్నియు మన ఇండ్లలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవే. ఒక తరమువారు ముచ్చటపడి కొన్నది రెండవ తరమువారి వాడుకలో అరిగి, మూడవ తరము నాటికి మూలబడును. అప్పుడు ఇంటిలో ఒకరు "తీసివేయుడు, చోటు కలిసివచ్చును" అందురు. మరియొకరు "ఉండనిండు, పెద్దలనాటిది" అందురు. ఈ తగవు తీర్చుటకు అభిమాన మొక్కటే చాలదు. సంతలోని వెల యొక్కటియు చాలదు. ఆ వస్తువు ఎట్లు పుట్టినదో, దేనితో చేయబడినదో, ఎందుచేత ఆగినదో తెలిసినగాని తీర్పు చెప్ప వీలులేదు. అనగా దాని చరిత్ర తెలియవలెను.

ఇందులకు ఉదాహరణముగా మనము అమెరికాదేశపు పిన్‌బాల్ యంత్రమును తీసికొందము. చూడనివారికొరకు దాని రూపమును ముందుగా చెప్పుట మంచిది. నాలుగు కాళ్లపై వాలుగా నిలిపిన పొడవైన చెక్కపెట్టె, దానిపై అద్దము, అద్దము క్రింద రంగుల చిత్రములు వేసిన ఆటబల్ల. ఆవలి చివర నిలువుగా నిలిచిన మరియొక పెట్టె, దాని ముఖమున లెక్కలను చూపు చిత్రపుటద్దము. ఆడువాడు నాణెము వేసి, స్ప్రింగు కడ్డీని వెనుకకు లాగి విడిచినచో, అంగుళమునకు కొంచెము మించిన అడ్డుకొలతయు 80 గ్రాముల బరువును గల ఉక్కుగుండు పైకి పరుగెత్తి, అడ్డంకులకు తగులుచు, గంటలు మ్రోగించుచు, దీపములు వెలిగించుచు క్రిందికి దిగును. అది అడుగున జారిపోకుండ ఇరుప్రక్కల నున్న మీటలు నొక్కి, రెండు చిన్న రెక్కలతో దానిని మరల పైకి కొట్టుటయే ఆట. ఆ రెక్కలకు ఫ్లిప్పర్లని పేరు.

ఈ యంత్రమునకు మూలమైన ఆట విద్యుత్తు ఎరుగనిది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సులో బిలియర్డు బల్లను కురుచచేసి, ఒక కొసన రంధ్రములును మేకులును అమర్చి, కర్రతో బంతిని త్రోసి ఆడు ఆట యొకటి వాడుకలోనికి వచ్చెను. పదునారవ లూయీ రాజు తమ్ముడైన ఆర్త్వా ప్రభువు 1777లో పారిస్ చెంత కట్టించిన బగాటెల్ భవనమునుబట్టి దానికి బగాటెల్ అను పేరు కలిగినదని చెప్పుదురు. వేసవి సెలవులలో మన పిల్లలు మేకులు దిగగొట్టిన పలకపై చిన్న ఉక్కు గోలీలను త్రోసి ఆడుకొనిన ఆటబల్ల ఈ వంశములోనిదే. జపానుదేశమున మిక్కిలి ప్రచారమునకు వచ్చిన పచింకో యంత్రమును దీని దాయాదియే.

1871లో అమెరికాలోని సిన్సినాటి నగరమున స్థిరపడిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అను ఆంగ్లేయుడు బగాటెల్ బల్లకు కొన్ని మార్పులు చేసి పేటెంటు పొందెను. త్రోయు కర్రకు బదులుగా స్ప్రింగు కడ్డీని అమర్చుట అందులో ముఖ్యమైనది. పిన్‌బాల్ ముందుభాగమున నేటికిని కనబడు లాగుడు కడ్డీ ఆనాటి కల్పనయే. నూటయేబది సంవత్సరములు దాటినను మారని భాగము యంత్రమంతటిలో అది యొక్కటే యని చెప్పవచ్చును.

1929లో అమెరికా వాటాల విపణి కుప్పకూలెను. పనులు పోయినవి, జేబులు ఖాళీయైనవి. అట్టి దినములలో ఒక సెంటు నాణెముతో కొంతసేపు మనసు మరపించు వస్తువునకు గిరాకి కలుగుట వింత కాదు. 1931లో షికాగో నగరమున డేవిడ్ గాట్లీబ్ 'బాఫుల్ బాల్' అను చిన్న బల్లయంత్రమును 17.50 డాలర్ల వెలకు విపణిలో పెట్టగా 50,000కు పైగా అమ్ముడుపోయినవి. అడిగినవారికెల్లను సరకు అందలేదు. దానిని తెచ్చి అమ్ముచుండిన రేమండ్ మలోనీ, సరకు కొరకు వేచి వేచి, తానే 'బాలీహూ' అను మరియొక యంత్రమును చేయించెను. అదియు అంత వేగముగనే అమ్ముడుపోయెను. 1932లో ఏర్పడిన బాలీ సంస్థ పేరు ఆ యంత్రమునుండి వచ్చినదే. అది మొదలు ఈ పరిశ్రమకు షికాగో రాజధానియైనది.

ఆ తొలి యంత్రములు కడ్డీ, స్ప్రింగు, మేకులు, చెక్క - ఇంతమాత్రమే. చెడుటకు అందులో ఏమియు లేదు. చెడుట యన్నది విద్యుత్తుతో కూడ వచ్చినది. 1933లో హారీ విలియమ్స్ రూపొందించిన 'కాంటాక్ట్' అను యంత్రమున బ్యాటరీలతో పనిచేయు తీగచుట్ట యొకటి రంధ్రమున పడిన గుండును వెలుపలికి తన్నివేసెడిది. దానితో కూడ గంట మ్రోగెడిది. ఆడువారికి ఇది అద్భుతముగా తోచెను. ఆడువారు యంత్రమును ఎత్తి కుదిపి గుండును తమకు కావలసినచోటికి నడిపించుట చూచి, దానిని పట్టి ఆటను ఆపివేయు సాధనమును కూడ విలియమ్స్ మహాశయుడే కల్పించెను. దానికే టిల్ట్ అని పేరు. 1936 చివర వచ్చిన బాలీ వారి 'బంపర్' అను యంత్రమున, తీగస్ప్రింగులకు గుండు తగిలినంతనే లెక్క పెరుగు ఏర్పాటు వచ్చెను. మేకులకు బదులు స్విచ్చులు, స్విచ్చులనుండి రిలేలు, రిలేలనుండి దీపములు - ఇట్లు పెట్టె లోపల ఒక చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజి పెరిగిపోయెను. నేడు మనయెదుట మూగబోయి నిలుచున్నది ఆ ఎక్స్ఛేంజియే.

ఈ ఆటకు ప్రభుత్వముల ఆదరణ లభింపలేదు. గెలిచినవానికి నాణెములు రాల్చు యంత్రములు కొన్ని 1933 నుండి వచ్చినందున పిన్‌బాల్ అనగా జూద మను ముద్ర పడెను. 1942 జనవరిలో న్యూయార్క్ నగరమున మేయరు లా గార్డియా దీనిని నిషేధించెను. రక్షకభటులు అంగళ్లపై బడి యంత్రములను పట్టి తెచ్చిరి. మేయరు స్వయముగా సమ్మెట పట్టి వానిని విరుగగొట్టుచు పత్రికలవారికి ఛాయాచిత్రములు ఇచ్చెను. లాస్ ఏంజెలీస్, షికాగో నగరములలోను నిషేధములుండెను. యంత్రములకు పుట్టినిల్లయిన షికాగోలోనే వానిని ఆడరాదనుట ఈ కథలోని వింతలలో నొకటి.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ పరిశ్రమకు మరమ్మతు అనగా నేమో నేర్పెను. లోహము, తీగ, రబ్బరు యుద్ధమునకు పోవుటచేత క్రొత్త యంత్రముల నిర్మాణము ఆగిపోయెను. అప్పుడు హారీ విలియమ్స్, లిన్ డ్యురాంట్ మొదలైనవారు ప్రాత యంత్రములను కొని, లోపలి భాగములను బాగుచేసి, బల్లకును అద్దమునకును యుద్ధకాలమునకు తగిన క్రొత్త చిత్రములు వేయించి, క్రొత్త పేర్లతో అమ్మిరి. విలియమ్స్ 1943లో తన పేరిట సంస్థను స్థాపించినది ఈ కాలముననే. అనగా, తరువాత అర్ధశతాబ్దమునకు పైగా ప్రసిద్ధిగాంచిన ఆ సంస్థ ప్రాతవానిని బాగుచేయుటతోనే ప్రారంభమైనది. మరమ్మతు అనునది లేనివాని అవస్థ యని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

యుద్ధానంతరము 1947లో గాట్లీబ్ సంస్థవారి 'హంప్టీ డంప్టీ' వెలువడెను. హారీ మాబ్స్ రూపొందించిన ఈ యంత్రమునకు ప్రక్కలయందు ఆరు ఫ్లిప్పర్లు ఉండెను. అంతవరకు ఆడువాడు గుండును వదలి, అది పోవు త్రోవను చూచుచు, పెట్టెను కొంచెము కదపుట తప్ప చేయగలిగినది లేదు. ఫ్లిప్పర్లతో వాని చేతికి పని వచ్చెను. అదృష్టమునకు నేర్పు తోడయ్యెను. మరుసటి సంవత్సరమే జెంకో సంస్థకు చెందిన స్టీవ్ కోర్డెక్ 'ట్రిపుల్ యాక్షన్' అను యంత్రమున ఆరింటికి బదులు రెండే ఫ్లిప్పర్లను, అడుగుభాగమున అమర్చెను. ఖర్చు తగ్గినది, ఆట పెరిగినది. నేటికిని పిన్‌బాల్ బల్లపై రెండు ఫ్లిప్పర్లు అడుగుననే ఉండుటకు ఆయనయే కారణము. కోర్డెక్ నూరేండ్లు జీవించి 2012లో కాలధర్మము నొందెను.

అటుపిమ్మట మూడు దశాబ్దముల కాలము ఈ విద్యుత్ యంత్రములకు మంచికాలము. 1960 ప్రాంతమువరకు వీని అంచులు చెక్కతో చేయబడినవి. అటుతరువాత లోహపు అంచులు వచ్చినవి. ఉచితముగా మరియొక ఆట నిచ్చుటయు జూదమే యని కొన్ని రాష్ట్రములవారు వాదింపగా, 1960లో గాట్లీబ్ వారు ఉచితపు ఆటకు బదులు అదనపు గుండునిచ్చు యంత్రమును తెచ్చిరి. ఫ్రాన్సు, ఇటలీ మొదలగు దేశములకు యంత్రములు ఓడలపై తరలిపోయినవి. పారిస్ కాఫీశాలలలో వీనికి గల ప్రచారము అమెరికాలో కంటె తక్కువ కాదు.

ఇచ్చట మన ప్రశ్నకు సంబంధించిన సంగతి యొకటి కలదు. ఈ యంత్రములను గృహస్థులకొరకు చేయలేదు. వీనిని కొన్నవాడు వ్యాపారి. అతడు యంత్రమును పానశాలలోనో ఫలహారశాలలోనో ఉంచి, పెట్టెలో పడిన నాణెములను ఆ చోటి యజమానితో పంచుకొనెడివాడు. క్రొత్తదనము ఉన్నన్నాళ్లు అది మంచిచోటున నిలిచెడిది. మోజు తగ్గగానే చిన్నచోటికి మారెడిది. కొన్ని సంవత్సరములకు పాతసామానులోనికి పోయెడిది. కావున చేసినవారు దానిని కొలదికాలము గట్టిగా పనిచేయుటకును, చెడినప్పుడు నిమిషములలో బాగుపడుటకును తగినట్లు చేసిరి. బల్ల పైకెత్తినచో లోపలి భాగములన్నియు కంటికి కనబడును. ఒక్కొక్క రిలేకు పేరు వ్రాసిన చీటి అంటించియుండును. తీగలకు వేరువేరు రంగులుండును. సర్క్యూట్ పటము పెట్టెలోనే మడిచి పెట్టబడియుండును. దీర్ఘాయువు నుద్దేశింపని వస్తువు, మరమ్మతునకు వీలుగా చేయబడుటచేతనే దీర్ఘాయువు పొందినది.

1976లో న్యూయార్క్ నిషేధము తొలగిన విధము ప్రసిద్ధము. పిన్‌బాల్ అదృష్టము కాదు, నేర్పు అని నిరూపించుటకు రోజర్ షార్ప్ అను పాత్రికేయుడు నగర పాలకసభవారి యెదుట ఆడి చూపవలసివచ్చెను. అందుకై రెండు యంత్రములను తెచ్చిరి. ఒకటి ఆడుటకు, రెండవది మొదటిది చెడినచో ఆదుకొనుటకు. సభ్యులు సందేహించి ఆ రెండవదానిపైననే ఆడుమనిరి. ఆయన ఆడుచు, చివరకు గుండు ఏ సందునుండి దిగునో ముందుగా చెప్పి, కడ్డీని లాగి విడిచి, చెప్పినచోటనే దింపెను. ముప్పదినాలుగేండ్ల నిషేధము దానితో ముగిసినది. అంతటి ముఖ్యమైన దినమునకు కూడ "ఇది చెడినచో" అను భయముతో మారుయంత్రమును వెంటతెచ్చుట గమనింపదగినది. ఈ యంత్రముతో కాపురము చేయువారికి ఆ భయము సహజము.

నిషేధము తొలగిన కాలముననే యంత్రము లోపల మార్పు వచ్చెను. 1977 నుండి రిలేల స్థానమున మైక్రోప్రాసెసరు పలకలు, తిరుగు అంకెలకు బదులు వెలుగు అంకెలు రాసాగినవి. ఆ సంవత్సరపు 'ఎయిట్ బాల్' యంత్రములను బాలీ వారు 20,000కు పైగా చేసిరి. 1978లో 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో 'పాక్-మాన్' అను వీడియో ఆటలు వచ్చి పిన్‌బాల్‌ను వెనుకకు నెట్టెను. 1992లో 'ఆడమ్స్ ఫ్యామిలీ' యంత్రము 20,000కు మించి అమ్ముడై మరల ఆశ కలిగించినను అది నిలువలేదు. గాట్లీబ్ పేరితో నిర్మాణము 1996లో ఆగినది. విలియమ్స్ వారు 1999లో ఈ పని మానుకొనిరి. ఆ తరువాత కొంతకాలము స్టెర్న్ సంస్థ దాదాపు ఒంటరిగా నిలిచినది. ఇటీవల మరి కొన్ని సంస్థలు చేరినవి. తొలి తయారీదారులు తప్పుకొనుటతో మరమ్మతు భారమంతయు సొంతదారులపైనను, అభిమానులపైనను పడెను. నెవాడాలోని లాస్ వేగాస్ నందును, కాలిఫోర్నియాలోని అలమీడా యందును ప్రాత యంత్రములను నడుచు స్థితిలో నిలుపు ప్రదర్శనశాలలు వెలసినవి.

ఇక మన ప్రశ్నకు వత్తము. తాతనాటి యంత్రమో, పాతసామాను అంగడిలో కొన్నదో, ఒకటి ఇంటిలో ఉన్నది, ఆడదు. ఏమి చేయవలెను?

మొదట ఆగుటకు గల కారణమును తెలిసికొనవలెను. 1977కు పూర్వపు విద్యుత్ యంత్రములు చాల సందర్భములలో విరిగి ఆగవు. వాడుక లేక ఆగును. లోపల పంటిచక్రములపై ఒక్కొక్క మెట్టు చొప్పున జరుగుచు లెక్కను గుర్తుంచుకొను భాగములుండును. వాని కందెన సంవత్సరములు గడచినకొలది జిగురువలె గడ్డకట్టును. చక్రము జరుగదు, జరుగనందున దాని తరువాత జరుగవలసిన దేదియు జరుగదు. అట్లే వందలకొలది కాంటాక్టు పాయింట్లపై మసి పేరుకొనును. చిన్న మోటారు ఒకటి తిరుగుచు ఆటలోని పనులకు వరుస నేర్పరచుచుండును. అది బిగిసినచో యంత్రమంతయు స్తంభించును. వీనిలో దేనికిని గొప్ప విద్య అక్కరలేదు. భాగమును విప్పి, ప్రాత కందెనను కడిగి, పాయింట్లను సన్నని ఆకురాయితో సుతారముగా తుడిచి, వాని ఎడమును సరిచేసినచో చాలవరకు ప్రాణము వచ్చును. కావలసినది ఓర్పు, సర్క్యూట్ పటము చదువగల నేర్పు, చేసినదానిని వ్రాసికొను అలవాటు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏండ్లతరబడి మూలబడిన వాల్వు రేడియోను తెచ్చి ఒక్కసారిగా మీట నొక్కుట ఎంత అపాయకరమో, ఈ యంత్రమునకు తీగ తగిలించి నడుపజూచుటయు అంత అపాయకరము. కరెంటు తీగ పొట్టు ఊడినదేమో, ఫ్యూజుల స్థానమున ఎవరైనను లావైన తీగముక్క పెట్టిరేమో ముందు చూడవలెను. బిగిసిన రిలే యొకటి వదలనిచో దాని తీగచుట్ట వేడెక్కి పొగలు చిమ్మును. తీగచుట్టలు సుమారు 24 నుండి 50 వోల్టులతోను, దీపములు 6 వోల్టుల ప్రాంతమునను పనిచేయును గాని, లోనికి వచ్చునది ఇంటి కరెంటే యని మరువరాదు. అమెరికా యంత్రము 120 వోల్టులకు తగినది. మన దేశమునకు తెచ్చి 230 వోల్టులకు తగిలించినచో ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవును. తుప్పుపట్టిన గుండుతో ఒక్క ఆటయైనను ఆడరాదు. అది గరుకు కాగితమువలె బల్లపై రంగును గీకివేయును. క్రొత్త గుండు వెల స్వల్పము. పోయిన రంగు వెల స్వల్పము కాదు.

ఈ రంగు మాటయే తీర్పునకు కీలకము. సామాన్యముగా మనము యంత్రము నడచుచున్నదా లేదా అని చూచి వెలకట్టుదుము. పిన్‌బాల్ విషయమున లెక్క తలక్రిందు. రబ్బరు వలయములు, దీపములు, తీగచుట్టలు, స్ప్రింగులు, ఫ్లిప్పరు భాగములు నేటికిని క్రొత్తవి దొరకును. కాని వెనుక అద్దముపై లోపలివైపు అచ్చువేసిన చిత్రము పెచ్చులూడినచో దానిని పూర్వపు స్థితికి తెచ్చుట దాదాపు అసాధ్యము. కొన్ని ప్రసిద్ధ యంత్రములకు మాత్రమే క్రొత్త ప్రతులు అచ్చువేయుచున్నారు. దశాబ్దములపాటు దీపముల వేడిమియు, గోదాములలోని చలియు, తేమయు రంగును అద్దమునుండి వేరుచేయును. ధూళి తుడుతమని తడిగుడ్డతో ఒక్కమారు రుద్దినచో బొమ్మ గుడ్డతో కూడ వచ్చివేయును. బల్లపై బంపర్ల చుట్టును రంగు అరిగి చెక్క కనబడుచున్నదా, పెట్టె అడుగున నీరుతగిలి పొరలు విచ్చినవా అనునవి తరువాత చూడవలసినవి. కావున మూగబోయినను బొమ్మ చెడని యంత్రము, దీపములన్నియు వెలుగుచు బొమ్మ రాలిన యంత్రముకంటె ఎంతో మేలు. మూగతనమునకు మందు కలదు; పెచ్చులకు లేదు.

1977 తరువాతి ఎలక్ట్రానిక్ యంత్రముల రోగము వేరు. ఆట ముగిసినను లెక్కలు గుర్తుండుటకై పలకపై చిన్న బ్యాటరీ నమర్చిరి. దానిని మార్చక వదలినచో అందలి ద్రవము కారి, రాగిగీతలను, సాకెట్లను కొరికివేయును. ఉపాయము సులభము: బ్యాటరీని నేడే తీసివేసి, పలక ఎంతవరకు చెడినదో చూచుట. మరీ పాడైన పలకకు బదులుగా క్రొత్త పలకలు చేసి అమ్మువారు ఉన్నారు గనుక ఇదియు చావుదెబ్బ కాదు. కాని వెలుగు అంకెలకు పోవు వోల్టేజి నూటికి మించి యుండును. తెలియనివారు అందులో చేయి పెట్టరాదు.

ఇక ధనము మాట. తానే మరమ్మతు చేసికొనువానికి ఖర్చు స్వల్పము, కాలము అధికము. మరియొకరిచే చేయించువానికి లెక్క వేరు. తెలిసిన పనివాండ్రు అరుదు. గంటల లెక్కన కూలి తీసికొందురు. యంత్రము బరువు నూరు కిలోలకు మించుటచేత చేరవేయు ఖర్చు దానికి తోడగును. సామాన్యమైన యంత్రమున ఈ మొత్తము బాగుపడిన పిమ్మట వచ్చు వెలను మించిపోవుట తరచు జరుగును. "బాగుచేయించి అమ్మి లాభము పొందెదను" అను ఆలోచన పనివానికి చెల్లును గాని గృహస్థునకు చెల్లదు. ఆడుకొనుటకు బాగుచేయించుకొనువాడే ఈ ఖర్చును సమర్థించుకొనగలడు.

వెలను నిర్ణయించు అంశములు కొన్ని కలవు. వయస్సొకటే వెల కాదు. ఎన్ని చేసిరి, ఎంతమంది కోరుచున్నారు, ఆట బాగుండునా, చిత్రము నిలిచినదా - ఇవి ముఖ్యము. 1950, 60 దశకములలోని గాట్లీబ్ వారి ఒక్కరాడు యంత్రములకు, నలుగురు వంతులవారీగా ఆడు యంత్రములకంటె ఎక్కువ గిరాకి యుండుట పరిపాటి. నలుగురి లెక్కలకు నాలుగింతలు చక్రములుండుటచేత మరమ్మతు శ్రమయు అధికమే. 'ద హూ' బృందము 1969లో పాడిన పిన్‌బాల్ పాటయు, దాని వెనుక 1975లో వచ్చిన 'టామీ' చలనచిత్రమును ప్రేరేపింపగా బాలీ వారు చేసిన 'విజర్డ్' యంత్రములు పదివేలు దాటినవి. అన్ని చేసినను ప్రసిద్ధివలన వానిని కోరువారు నేటికిని కలరు.

అమ్మదలచినవానికి మూడు దారులు కలవు. ఉన్నది ఉన్నట్లుగా చెప్పి, చెడినదానిని చెడినట్లే, పూర్తిగా అమ్ముట మొదటిది. బాగుచేయించి అమ్ముట రెండవది. దాని కష్టము చెప్పితిమి. భాగములుగా విప్పి, అద్దమొకరికి, బల్ల ఒకరికి, తీగచుట్టలు మరొకరికి అమ్ముట మూడవది. మూడవదారిలో కొన్నిమార్లు అధిక ధనము చేరును. అయినను ఈ దారి విషయమున మేము ఒక మాట గట్టిగా చెప్పదలచినాము. చెక్క కుళ్లి, బొమ్మ రాలి, నిలువలేని యంత్రమును విప్పి దాని భాగములతో మరి రెండింటిని బ్రతికించుట న్యాయమే. నిలువగల యంత్రమును విప్పుట మాత్రము తగదు. పోలీసులు సమ్మెటలతో విరుగగొట్టగా, వ్యాపారులు పాత ఇనుమునకు వేయగా, నేలమాళిగలలో వరదనీట మునుగగా మిగిలినవే నేడు ఉన్నవి. ఆనాటి యంత్రమును ఆనాటివలె మరల చేయువారు లేరు. విప్పినది మరల కూడదు.

ఇన్ని చెప్పినపిమ్మట మా తీర్పును సూటిగా చెప్పుట న్యాయము. అద్దముపై చిత్రము నిలిచి, బల్ల ఎక్కువగా అరుగక, యంత్రము పూర్వపు విద్యుత్ జాతికి చెందినదై, ఇంటిలో ఓర్పుగల మనిషి యొకడున్నచో - మరమ్మతు చేయవలెను. ఒక శీతకాలపు ఆదివారములు అందులకు చాలును. ఆ ఇంటి పిల్లలకు విద్యుత్తు ఎట్లు నడచునో కంటితో చూచి తెలిసికొను పాఠశాల మరియొకటి దొరకదు. చిత్రము బాగున్నను ఓర్పుగాని చోటుగాని లేనిచో, పూర్తి యంత్రముగా, దానిని బాగుచేయగలవానికి అమ్మవలెను. రెండు మూడు వందల డాలర్లు తగ్గినను అట్టివానికే ఇచ్చుట మేలు. చిత్రము రాలి, పెట్టె చెడి, యంత్రము సామాన్యమైనదైనచో, భాగములకొరకు వెదకువానికి అప్పగింపవలెను. ఏదియు నిశ్చయింపక తేమగల మూలలో పడవేసి "తరువాత చూతము" అనుట మాత్రము అన్నింటికంటె చెడ్డ నిర్ణయము. ఆ "తరువాత" వచ్చునాటికి రంగు రాలియుండును. అప్పుడు తీర్పు చెప్పవలసిన అవసరమే యుండదు.

చిట్టచివర ఆచరణకు ఒక్క సూచన. నిర్ణయము నేడు తోచకున్నను మూడు పనులు నేడే చేయవచ్చును. వెనుక అద్దమును కదపక, పెట్టెను పొడిచోటికి చేర్చుట ఒకటి. ఎలక్ట్రానిక్ యంత్రమైనచో బ్యాటరీని తీసివేయుట రెండవది. సర్క్యూట్ పటమును, తాళపుచెవులను, రాలిపడిన మరలను ఒక సంచిలో వేసి పెట్టెలోపలనే కట్టి ఉంచుట మూడవది. మరమ్మతు చేసికొనువానికైనను, కొనువానికైనను ఆ సంచి మొట్టమొదట కావలసివచ్చును.